యంత్రశిల్పి జి. డి. నాయుడు

గోదావరి డెల్టాయందు నరసాపురము వంటి చోట్ల సాగునీటికై రైతు పాతాళము వరకు త్రవ్వ నక్కరలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి నదీజలము కాలువలలో ప్రవేశించి, పల్లమును వెదకుకొనుచు, తనంత తానుగా చేలను చేరుచున్నది. తమిళ దేశమందలి కోయంబత్తూరు ప్రాంతమున పూర్వ మట్టి సౌకర్యము లేదు. అచట వర్షము తక్కువ. నీరు లోతైన బావులలో నుండెడిది. తెల్లవారకమునుపే ఎద్దులను పూన్చి మోట తోలిన గాని మడి తడిసెడిది కాదు. ఎద్దు అలసినచో పైరు ఎండవలసినదే. పనిచేయు శక్తి యెంత విలువైనదో ఆ ప్రాంతపు రైతుబిడ్డలకు ఒకరు చెప్ప నక్కరలేదు. అట్టి రైతుబిడ్డలలో నొకడు యంత్రములను గురువులుగా జేసికొని, కోయంబత్తూరునకే కాక దేశమునకంతటికిని కీర్తి తెచ్చెను. ఆయనయే గోపాలస్వామి దొరస్వామి నాయుడు. జనులు ఆయనను జి. డి. నాయుడుగారని పిలిచిరి.

విజయనగర రాజుల కాలమునను, ఆ పిమ్మట నాయకరాజుల కాలమునను అనేక తెలుగు కుటుంబములు దక్షిణమునకు వలసపోయి, కోయంబత్తూరు, మధుర మొదలగు ప్రాంతములలో స్థిరపడినవి. వారు నల్లరేగడి నేలలను సాగుచేసి, ప్రత్తి పండించి, తరతరములుగా ఇండ్లలో తెలుగు మాటలాడుచు వచ్చిరి. అట్టి వ్యవసాయ కుటుంబమున, కోయంబత్తూరునకు సమీపమునందలి కలంగల్ అను గ్రామమున, 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన దొరస్వామి జన్మించెను.

బాల్యమున దొరస్వామికి చదువు అబ్బలేదు. బుద్ధి చాలక కాదు. ఒకచోట కూర్చుండి వల్లించుట అతనికి గిట్టెడిది కాదు. ప్రాథమిక విద్యతోనే బడికి స్వస్తి చెప్పి పొలము పనులలో చేరెను. ఐనను అతనికి తెలిసికొనవలెనను కోరిక మాత్రము తగ్గలేదు. కంటికి కనబడిన ప్రతి వస్తువు ఏల అట్లున్నది, ఎట్లు పనిచేయుచున్నది అని విచారించుట అతని స్వభావము. ఆ స్వభావమునకు తగిన పాఠ్యగ్రంథ మొకటి ఒకనాడు దుమ్ము లేపుకొనుచు ఆ గ్రామమునకు వచ్చెను.

రెవిన్యూ శాఖకు చెందిన ఆంగ్లేయోద్యోగి యొకడు రడ్జి మోటారుసైకిలుపై అచటికి వచ్చెను. ఎద్దుబండ్లు, గుఱ్ఱపుబండ్లు తప్ప వేరొండు వాహన మెఱుగని పల్లె అది. ఎద్దు లేదు, గుఱ్ఱము లేదు; మనుష్యుడు కాలితో త్రొక్కుట లేదు; ఐనను బండి పరుగెత్తుచున్నది. జనులు ఆశ్చర్యముతో చూచి, బండి కనుమరుగైన పిమ్మట తమ పనులకు పోయిరి. దొరస్వామి మనస్సు మాత్రము ఆ బండివెంటనే పోయెను. దానిని కదల్చుచున్న శక్తి ఎచట దాగియున్నది? ఈ ప్రశ్న అతనిని విడువలేదు.

రడ్జి మోటారుసైకిళ్ళు ఇంగ్లండునందలి కోవెంట్రీ నగరమున తయారగుచుండెను. అంతకుముందు సైకిళ్ళు చేయుచున్న ఆ సంస్థ 1911 ప్రాంతమున మోటారుసైకిళ్ళ నిర్మాణమునకు పూనుకొనెను. ఆ తొలినాటి బండికి ఒకే సిలిండరు. దాని ఘనపరిమాణము ఇంచుమించు 500 ఘన సెంటీమీటర్లు. ఇంజనునుండి వెనుక చక్రమునకు పట్టీ ద్వారా శక్తి అందెడిది. నేటి వారికి అది మిక్కిలి మోటుగా కనబడును. కాని ఆనాడు అట్టి బండి కొనుట ధనవంతులకు మాత్రమే సాధ్యము.

దొరస్వామి యొద్ద ధనము లేదు. అతడు కలంగల్ విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరు పనికి కుదిరెను. బల్లలు తుడిచి, ఫలహారములందించి, వచ్చిన జీతమునందు తన పొట్టకు చాలినంత మాత్రమే వాడుకొని తక్కినది దాచెను. ఇట్లు కొన్ని సంవత్సరములు కష్టించి కొంత సొమ్ము కూడబెట్టి, తన మనస్సును హరించిన ఆ మోటారుసైకిలును కొనెను.

అంత కష్టపడి కొన్న బండిని మరియొకడైనచో ఎక్కి ఊరంతయు తిరిగి సంతోషించి యుండును. దొరస్వామి చేసిన పని వేరు. అతడు దానిని విప్పెను. మరలు, చువ్వలు, గొట్టములు, చక్రములు ఒక్కొక్కటిగా ఊడదీసి ముందు పరచుకొనెను. ఏది దేనితో కూడియుండెనో గుర్తుంచుకొనెను. ఒక్క మర తారుమారైనను, కొన్ని సంవత్సరముల కష్టార్జితము ఇనుపముక్కల ప్రోగుగా మిగులును. చూపించు గురువు లేడు. చదువుకొనుటకు పుస్తకము లేదు. కన్ను, చేయి, ఓర్పు, ఈ మూడే అతని సాధనములు. విప్పిన భాగములన్నిటిని తిరిగి యథాస్థానమున కూర్చి అతడు బండిని నడిపెను. ఆ దినమున దొరస్వామికి ఒక విద్య పట్టువడెను.

అతనికి ఆ ఇంజను నేర్పిన దేమి? పెట్రోలు ఇంజనులో సిలిండరు అను గొట్టమునందు పిస్టను క్రిందికిని మీదికిని ఆడుచుండును. పిస్టను మొదట క్రిందికి దిగునపుడు పెట్రోలు ఆవిరి కలిసిన గాలి లోనికి వచ్చును. రెండవసారి అది పైకి పోవుచు ఆ మిశ్రమమును అదిమివేయును. అంతట ఒక విద్యుత్కణము మెరసి మిశ్రమము భగ్గున మండి, మూడవమారు పిస్టనును బలముగా క్రిందికి నెట్టును. నాలుగవమారు పిస్టను పైకి వచ్చుచు కాలిన వాయువును వెలుపలికి త్రోసివేయును. ఈ నాలుగు గమనములలో మూడవదొక్కటే శక్తినిచ్చునది. తక్కిన మూడును దానికి దారి చేయునవి. నిమిషమునకు కొన్ని వందల పర్యాయములు ఈ క్రమము తప్పక నడచిన గాని చక్రము తిరుగదు.

ఇంజను శక్తిని పెంచుటకు మార్గములు ఈ క్రమమునందే యున్నవి. మిశ్రమము ఎంత ఎక్కువగా లోనికి పోవునో, అంత ఎక్కువ శక్తి పుట్టును. దానిని ఎంత గట్టిగా అదిమిన, అదే పెట్రోలునుండి అంత ఎక్కువ బలము లభించును. ఐతే దీనికొక హద్దు కలదు. మితిమీరి అదిమినచో మిశ్రమము సమయము రాకమునుపే మండి, ఇంజను ఠంగుఠంగున మ్రోగి, పిస్టను చెడిపోవును. వాల్వు సరిగా మూతపడనిచో, పిస్టను చుట్టలు అరిగినచో, కార్బురేటరునందు మురికి చేరినచో, విద్యుత్కణము ఆలస్యముగా మెరసినచో పుట్టవలసిన శక్తియే పుట్టదు. కావున శక్తిని పెంచదలచినవాడు మొదట వ్యర్థమగుచున్న శక్తిని కాపాడవలెను. పిమ్మట క్రొత్తదానిని కల్పింపవలెను.

దీనికి ఆ రడ్జి బండ్ల చరిత్రయే మంచి నిదర్శనము. 1924లో ఆ సంస్థ ఇంజను పరిమాణమును పెంచకయే, ఒక్కొక్క సిలిండరునకు రెండు పెద్ద వాల్వులకు బదులు నాలుగు చిన్న వాల్వులను అమర్చెను. చిన్న వాల్వులు తేలికయైనవి; వేగముగా తెరచుకొని మూసికొనును; మిశ్రమము లోనికి వచ్చుటకును, కాలిన వాయువు పోవుటకును దారి విశాలమగును. 1928లో ఉత్తర ఐర్లండునందలి అల్‌స్టరు పందెమున గ్రేహం వాకర్ అను వీరుడు ఇట్టి 500 ఘన సెంటీమీటర్ల బండిపై గంటకు 80 మైళ్ళకు మించిన సగటు వేగముతో జయము పొందెను. పరిమాణము పెరుగలేదు, పెరిగినది పొందిక. పూర్వపు బండి, ఆ నాటి బండి చూపులకు ఒకే కోవకు చెందినవి. కాని బలమున వానికి పోలిక లేదు.

మోటారుసైకిలు వలన నేర్చిన విద్యతో దొరస్వామి యంత్రముల మరమ్మతు పనివాడయ్యెను. మొదటి ప్రపంచ యుద్ధ కాలమున ప్రత్తి వ్యాపారమున ప్రవేశించి లాభము గడించెను. ఆ ఉత్సాహముతో బొంబాయి ప్రత్తి బజారునకు పోయి, సంపాదించిన దంతయు పోగొట్టుకొనెను. ధరలు ఎక్కుట, తగ్గుట యంత్రము వలె కన్నులయెదుట విప్పి చూడదగినవి కావు. అతడు రిక్తహస్తములతో మరలి వచ్చి, తనకు తెలిసిన విద్యనే మరల ఆశ్రయించెను.

ఆ కాలమున కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అను ఆంగ్లేయ పారిశ్రామికుడుండెను. ఆయన ఈ యువకుని దీక్షను గుర్తించి, మోటారుబస్సు కొనుటకు ధనసహాయము చేసెను. 1920లో నాయుడుగారు పొల్లాచి, పళని పట్టణముల నడుమ బస్సు నడపనారంభించిరి. ఆ దారి 60 కిలోమీటర్లకు పైబడినది. పళని సుబ్రహ్మణ్యస్వామి యాత్రాస్థలమగుటచే ప్రయాణికులకు కొదువ లేదు. నాయుడుగారే స్వయముగా చక్రము పట్టి బస్సు తోలిరి. కంకర బాటలు, తరచుగా పగులు టైర్లు, చేతితో త్రిప్పి నడిపింపవలసిన ఇంజనులు గల దినములవి. దారిలో బండి నిలిచినచో దానిని విప్పి బాగుచేయగలవాడే దానిని నమ్మి నడుపగలడు.

ఆ ఒక్క బస్సే కాలక్రమమున యూనివర్సల్ మోటార్ సర్వీస్ అను గొప్ప సంస్థగా పెరిగెను. జనులు దానిని యు. ఎం. ఎస్. అని పిలిచిరి. దక్షిణ దేశమున ఆ బస్సులు క్రమమునకు, సమయపాలనకు పేరుపొందెను. బస్సు సమయమునకు వచ్చుట చిన్న విషయముగా కనబడవచ్చును. కాని అందులకు ఇంజను చెడకుండవలెను. చెడిన భాగము వెంటనే దొరకవలెను. దానిని అమర్చు పనివాడు సిద్ధముగా నుండవలెను. ఒక ఇంజనునందు నాలుగు గమనములు ఎట్లు క్రమము తప్పరాదో, సంస్థయందు పనులన్నియు అట్లే నడువవలెను. నాయుడుగారు తమ కర్మశాలలోనే పనివారిని తీర్చిదిద్దిరి. ఆ కర్మశాల క్రమముగా బస్సులను బాగుచేయు చోటునుండి క్రొత్త యంత్రములను పుట్టించు చోటుగా మారెను.

ఇంతలో నీలగిరులయందు పైకారా జలవిద్యుత్కేంద్రము నెలకొనెను. 1930వ దశకమున ఆ విద్యుత్తు కోయంబత్తూరునకు వచ్చెను. మిల్లులు పెరిగెను, బావులయొద్ద మోటలకు బదులు పంపులు పెట్టుకొనవలెనను కోరిక రైతులకు కలిగెను. తీగలలో శక్తి యున్నది, బావిలో నీరున్నది, ఆ రెంటిని కలుపు మోటారు మాత్రము విదేశములనుండి రావలసియుండెను. 1937లో నాయుడుగారును, డి. బాలసుందరము నాయుడుగారును కలిసి కోయంబత్తూరునందలి పీలమేడులో విద్యుత్ మోటారును తయారుచేసిరి. మన దేశమున స్వయముగా నిర్మించిన మొదటి విద్యుత్ మోటారుగా దానిని పేర్కొందురు. బాలసుందరము నాయుడుగారు పిమ్మట టెక్స్‌టూల్ అను ప్రసిద్ధ యంత్రనిర్మాణ సంస్థను స్థాపించిరి. నాటినుండి కోయంబత్తూరు మోటార్లకు, పంపులకు దేశమున ప్రధాన స్థానమయ్యెను. మోట తోలు ఎద్దులకు విశ్రాంతి లభించెను. కాలువ నీరు అందని మెరక భూములందలి తెలుగు రైతులు సైతము అచటి పంపులను వాడసాగిరి.

నాయుడుగారు యూరపు, అమెరికా ఖండములలో పలుమార్లు పర్యటించి కర్మాగారములను శ్రద్ధతో పరిశీలించిరి. చూచినదానిని చిత్రములలో నిలుపుట కూడ వారికి ఇష్టమైన విద్య. 1936లో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను వారు స్వయముగా చలనచిత్రముగా తీసిరి. గాంధీమహాత్ముని, జవహర్‌లాల్ నెహ్రూను, సుభాస్ చంద్రబోసును కూడ తమ కెమేరాలో బంధించిరి. పొడి బ్యాటరీలతో నడచు చిన్న మోటారును అమర్చి వారు రూపొందించిన రసాంత్ అను క్షురయంత్రము జర్మనీలో తయారయ్యెను. మిక్కిలి పలుచని క్షురపు బ్లేడులు, చలనచిత్రపు కెమేరాలకు దూరమును సరిచేయు పరికరము, పండ్లరసము తీయు యంత్రము, మోసమునకు వీలులేని వోట్ల యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా మొదలగునవి వారి కల్పనలలో కొన్ని.

వారి ఆలోచన లన్నిటికిని ఒక లక్ష్య ముండెను. యంత్రము ధనవంతుని యింటి అలంకారముగా కాక సామాన్యుని చేతి పనిముట్టు కావలెను. హోటలులో బల్లలు తుడిచి ఒక్క మోటారుసైకిలుకొరకు సంవత్సరములు వేచియున్నవానికి ధర యొక్క బరువు తెలియును. 1941లో వారు అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకు అందింపవచ్చునని చూపిరి. 1952లో ఇద్దరు కూర్చుండదగిన పెట్రోలు కారును నిర్మించిరి. దాని ధర 2,000 రూపాయలు మాత్రమే. సామాన్య కుటుంబము కారు ఎక్కు దినము వచ్చునని జనులు ఆశించిరి. కాని దానిని తయారుచేయుటకు ప్రభుత్వము లైసెన్సు ఇయ్యలేదు. కారు నిర్మాణము నిలిచిపోయెను. ఇంజనునందలి ఆటంకమును నాయుడుగారు తమ చేతులతో తొలగింపగలరు. కాగితములందలి ఆటంకమును తొలగించుట వారికి సాధ్యము కాలేదు. ఈ నిరాశ వారికి మిక్కిలి బాధ కలిగించినను, వారు కర్మశాల తలుపులు మూయలేదు.

విద్యావిషయమునను నాయుడుగారికి స్వతంత్రాభిప్రాయము లుండెను. వారి పూనికతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఆర్థర్ హోప్ ఇంజనీరింగు కళాశాల వెలసెను. ఆర్థర్ హోప్ ఆనాటి మద్రాసు గవర్నరు. 1945లో నాయుడుగారు ఆ కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిరి. ఉన్నతవిద్య లేనివాడు ఇంజనీర్ల కళాశాలకు అధిపతియగుట అపూర్వము. నాలుగు సంవత్సరముల చదువు విద్యార్థుల కాలమును వ్యర్థము చేయుచున్నదనియు, సరిగా నేర్పినచో రెండు సంవత్సరములు చాలుననియు వారి తలంపు. ప్రభుత్వ మందులకు సమ్మతింపలేదు. నాయుడుగారు పదవిని విడిచిరి. ఆ కళాశాలయే పిమ్మట కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా వృద్ధిపొందెను. వారి సంఖ్య సరియా కాదా అను విషయమున పండితులు వాదింపవచ్చును. చేతితో చేయక యంత్రవిద్య రాదను మూలసూత్రమును మాత్రము ఎవరును కాదనలేరు.

1944లో నాయుడుగారు బస్సు వ్యాపారపు భారమునుండి తప్పుకొని, పరిశోధక విద్యార్థులకు వేతనములు, కార్మికులకును వెనుకబడిన వర్గములకును సంక్షేమ పథకములు ప్రకటించిరి. యంత్రములను శోధించిన చూపుతోనే వారు మొక్కలను కూడ శోధించిరి. ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలలో మేలైన రకములను పెంచిరి. సర్ సి. వి. రామన్, మోక్షగుండము విశ్వేశ్వరయ్య వంటి మహామహులు వారి తోటను దర్శించిరి. పొలము పనులతో మొదలైన జీవితము మరల పొలమునకే వచ్చెను. కాని ఈసారి వెంట విజ్ఞానము కూడ వచ్చెను.

1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన నాయుడుగారు దివంగతులైరి. కోయంబత్తూరు అవినాశి రోడ్డునందు వారి పేర వస్తుప్రదర్శనశాల యున్నది. విద్యార్థులు అచట నిలిచి, యంత్రములను చూచి, అవి ఎట్లు పనిచేయునో తెలిసికొందురు. 2025లో అదే రోడ్డుపై 10 కిలోమీటర్లకు మించిన పొడవున నిర్మించిన ఎత్తైన వంతెనకు ప్రభుత్వము జి. డి. నాయుడుగారి పేరు పెట్టెను. ఒకనాడు ఉపాధికై వచ్చి హోటలులో పనిచేసిన పల్లెటూరి యువకుని పేర, ఆ పట్టణముననే నేడు వేలకొలది వాహనములు పరుగిడుచున్నవి.

నాయుడుగారిని కొందరు మహామేధావియనిరి, కొందరు అదృష్టవంతుడనిరి. కాని వారి జీవితమునందు మేధకంటెను, అదృష్టముకంటెను ముందు కనబడునది ఓర్పు. సిలిండరు పరిమాణమును పెంచకయే రడ్జి ఇంజను బలము పెరిగిన విధమున, వారు కూడ తమకున్న కొద్దిపాటి చదువును, ధనమును, కాలమును ఏమాత్రము వ్యర్థము కానీయక, ప్రతి దానినుండి రావలసిన ఫలమును పూర్తిగా రాబట్టుకొనిరి. విప్పుటకు వెరవని ధైర్యము, విప్పినదానిని తిరిగి కూర్చు బాధ్యత రెండును వారియందు కలిసియుండెను. మొదటిది మాత్రమే గలవాడు వస్తువులను పాడుచేయును. రెండును గలవాడే నిర్మాత యగును.